ఎక్కువ రేటు బండికి ఇంజిన్ లోపల సామాను కూడా ఎక్కువ రకమేనా? – ఒక స్టోర్స్ గుమాస్తా వెతికిన చరిత్ర

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. కాఫీ పెట్టుకుని తీరిగ్గా చదవండి.

పోయిన నెల మన కూడికలో భోజనాల దగ్గర ఒక తమ్ముడు అడిగాడు. కొడుక్కి మోటారు సైకిల్ కొనాలి. రెండు బండ్లు చూశారు. రెండింటికీ తేడా 50 వేలు. కొడుకేమో, "నాయనా, రేటు ఎక్కువున్న దానికి ఇంజిన్ లోపల సామాను వేరే వేస్తారు, పదేళ్లు తిరిగి చూడక్కర్లేదు" అంటున్నాడు. ఆ 50 వేల కోసం కూతురి పేరు మీద వేసిన డిపాజిట్ ముట్టుకోవాలా అని తండ్రి బాధ. పక్కనున్న ఒకాయన "అంతా రంగుకే డబ్బు" అన్నాడు. ఇంకొకాయన "ఊరికే ఎక్కువ అడుగుతారా, లోపల ఏదో ఉంటుంది" అన్నాడు. ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉంది. ఏ సగం ఎక్కడ నిజమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను మెకానిక్‌ను కాను. పెరంబూరులో రైల్వే స్టోర్స్ గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాను. కాబట్టి ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే రాస్తాను.

రైల్వే స్టోర్స్‌లో ప్రతి సామానుకూ 8 అంకెల పీఎల్ నంబరు ఒకటి ఉంటుంది. ఇండెంటు మీద సామాను పేరు ఒకరు ఒకలా రాస్తారు, ఇంకొకరు ఇంకోలా రాస్తారు. మేము పేరు చూసేవాళ్లం కాదు, నంబరు చూసేవాళ్లం. నంబరు ఒకటైతే సామాను ఒకటే. ఎక్స్‌ప్రెస్ పెట్టెకూ ప్యాసింజర్ పెట్టెకూ ఒకే నంబరు మీద ఒకే బేరింగు ఇచ్చిన రోజులు చాలా ఉన్నాయి. ప్రయాణికుడికి ఎక్స్‌ప్రెస్ అంటే గొప్ప, బేరింగుకు ఆ సంగతి తెలియదు. మోటారు సైకిల్ కంపెనీలకు కూడా పార్ట్ నంబర్లు ఉంటాయి. ఆ కళ్లతోనే ఈ చరిత్ర చదివాను.

మొదట రెండు మాటలు – పోత, ఫోర్జింగ్

ఇంజిన్ లోపల "మంచి సామాను" అంటే జనం ఎక్కువగా చెప్పేది పిస్టన్, కనెక్టింగ్ రాడ్, క్రాంకు, బేరింగులు, కామ్ షాఫ్ట్, వాల్వులు. వీటిని కరిగించి అచ్చులో పోసి చేయవచ్చు, అది పోత. లేదా లోహాన్ని వేడి చేసి అచ్చు మధ్య బలంగా కొట్టి చేయవచ్చు, అది ఫోర్జింగ్. కొట్టి చేసినదానికి బలం ఎక్కువ, ఖర్చూ ఎక్కువ.

అంతమాత్రాన పోత అంటే నాసి అనుకోకండి. బెంగళూరు పక్కన యలహంకలో రైల్వేవాళ్ల చక్రాల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ రైలు ఇరుసును ఫోర్జింగ్ చేస్తారు, చక్రాన్ని మాత్రం పోత పోస్తారు. వేల మందిని మోసుకుపోయే చక్రం పోత చక్రమే. ఏ సామాను మీద ఎంత బరువు పడుతుంది, ఏ వేగంలో పడుతుంది అన్నదాన్ని బట్టి చేసే పద్ధతి మారుతుంది.

పిస్టన్‌లో కూడా అంతే. ఫోర్జింగ్ పిస్టన్ గట్టిది, కానీ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది. అందుకని సిలిండర్‌కూ దానికీ మధ్య సందు కొంచెం ఎక్కువ పెడతారు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టకటక శబ్దం రావచ్చు. సిలికాన్ ఎక్కువ కలిపిన పోత పిస్టన్ అంతగా వ్యాకోచించదు, నిశ్శబ్దంగా పోతుంది. రోజూ ఆఫీసుకు పోయే బండికి ఏది మంచిదో మీరే ఆలోచించండి.

ఇంగ్లండులో మొదలైన కథ

ఒకే ఇంజిన్‌ను మామూలు రకం, మేలు రకం అని రెండుగా అమ్మడం కొత్త వ్యాపారం కాదు. ట్రయంఫ్ కంపెనీలో ఎడ్వర్డ్ టర్నర్ 1937లో స్పీడ్ ట్విన్ అనే 498 సీసీ రెండు సిలిండర్ల బండి తెచ్చాడు. మంచి పేరొచ్చింది. వెంటనే 1939 సంవత్సరానికి టైగర్ 100 వచ్చింది. 100 అంటే గంటకు 100 మైళ్లు పోతుందని చెప్పుకోవడం. ఇంజిన్ కొలతలు అవే. లోపల మాత్రం కంప్రెషన్ ఎక్కువున్న ఫోర్జింగ్ పిస్టన్లు వేశారు, గాలి, పొగ పోయే దారులను నునుపుగా పాలిష్ చేశారు. ఇక్కడ ఎక్కువ డబ్బుకు లోపల నిజంగానే వేరే సామాను వచ్చింది.

బీఎస్ఏ కంపెనీది ఇంకా ముచ్చటైన కథ. 1937లో బ్రూక్‌లాండ్స్ రేసు మైదానంలో వాల్ హ్యాండ్లీ అనే రైడరు బీఎస్ఏ బండి మీద గంటకు 100 మైళ్లకు పైన ఒక చుట్టు తిరిగాడు. అలా తిరిగినవాళ్లకు అక్కడి క్లబ్బు ఒక బంగారు నక్షత్రం బ్యాడ్జి ఇచ్చేది. మరుసటి ఏడు బీఎస్ఏ ఆ బ్యాడ్జి పేరు మీదనే గోల్డ్ స్టార్ అనే బండి అమ్మకానికి పెట్టింది. సిలిండరు, హెడ్డు పోత ఇనుము కాకుండా అల్యూమినియంవి. యుద్ధం తర్వాత వచ్చిన గోల్డ్ స్టార్లకు ఇంకో మర్యాద కూడా ఉంది. ప్రతి ఇంజిన్‌నూ ఫ్యాక్టరీలో బెంచి మీద తిప్పి, ఎంత హార్స్‌పవర్ ఇచ్చిందో కాగితం రాసి కొన్నవాడికి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఎవరిస్తారు అలాంటి కాగితం?

ఒక గుమాస్తాగా నాకు ఈ కాగితం మీద చాలా గౌరవం. "మా బండి గొప్పది" అని చెప్పడం వేరు, "ఈ నంబరు ఇంజిన్‌ను ఇంత తిప్పితే ఇంత వచ్చింది" అని రాసి ఇవ్వడం వేరు.

విన్సెంట్ కంపెనీది మూడో రకం. 998 సీసీ రాపిడ్ అనే బండికి 45 హార్స్‌పవర్. 1948లో దానికి అన్నగా బ్లాక్ షాడో వచ్చింది, 55 హార్స్‌పవర్. ఇంజినీరు ఫిల్ ఇర్వింగ్. రెండింటి ఇంజిన్ నమూనా ఒకటే. షాడోకు కంప్రెషన్ పెంచారు, పెద్ద కార్బురేటర్లు పెట్టారు, కనెక్టింగ్ రాడ్లను పాలిష్ చేశారు. రాడ్డు మీద చిన్న గీత ఉన్నా, వేల సార్లు లాగుడు పడితే పగులు అక్కడే మొదలవుతుంది. పాలిష్ చేస్తే ఆ గీత పోతుంది. రైల్వే వర్క్‌షాపులో ఇరుసు మీద గీత కోసం ఎందుకు అంతగా వెతుకుతారో తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పైన ఇంజిన్‌కు వేసిన నల్ల రంగును మాత్రం ఊరంతా చూసింది. రాడ్డు పాలిష్ ఎవరికీ కనపడలేదు.

కాబట్టి ఆ కాలంలో ఎక్కువ డబ్బుకు వచ్చే మేలు రెండు విధాలు. ఒకటి, సామానే వేరు. రెండు, సామాను అదే, కానీ దానికి చేసే పని ఎక్కువ: పాలిష్, జత కుదర్చడం, పరీక్ష.

మేలు రకమే ముందు చెడిపోయిన సంగతి

ఇక్కడ ఇంకో కథ చెప్పకపోతే లెక్క పూర్తి కాదు. నార్టన్ కంపెనీ 1972లో తన 750 సీసీ కమాండో బండికి కాంబాట్ అనే పవరు ఎక్కువ ఇంజిన్ పెట్టింది. కంప్రెషన్ 10కి పెంచారు, కామ్ షాఫ్ట్ మార్చారు, 65 హార్స్‌పవర్ అన్నారు. పైన పవరు పెంచారు గానీ కింద క్రాంకును మోసే మెయిన్ బేరింగుల సంగతి చూడలేదు. ఎక్కువ వేగంలో క్రాంకు సన్నగా వంగేది, ఆ వంపును పాత బేరింగులు తట్టుకోలేకపోయాయి. చాలా ఇంజిన్లు తొందరగా పాడయ్యాయి, వారంటీ కింద కంపెనీకి పెద్ద నష్టం. చివరకు సూపర్‌బ్లెండ్ అనే కొత్త రకం రోలర్ బేరింగులు వేశాక జబ్బు తగ్గింది.

ఈ కథలో నీతి ఏమంటే, "అప్‌గ్రేడ్" అన్న మాట వినగానే పవరు అప్‌గ్రేడా, ఆ పవరును మోసే సామాను అప్‌గ్రేడా అని అడగాలి. మొదటిది ఉండి రెండోది లేకపోతే ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ ఆయుష్షు కొన్నట్టు. మామూలు కమాండో కొన్నవాడు ఆ ఏడు హాయిగా తిరిగాడు.

మన తిరువొత్తియూరు బుల్లెట్

ఇప్పుడు మన ఊరి కథకు వస్తాను. ఉత్తర మద్రాసులో పెరిగినవాళ్లకు బుల్లెట్ అంటే ఒక బండి పేరు మాత్రమే కాదు, షిఫ్టు విడిచే వేళ. ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీ, మన మద్రాస్ మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. ఫ్యాక్టరీ తిరువొత్తియూరులో. మొదట విడి సామాను తెచ్చి బిగించేవాళ్లు, 1960ల మొదటికల్లా సామాను అంతా ఇక్కడే చేయడం వచ్చింది. తర్వాత ఇంగ్లండు కంపెనీయే మూతపడింది, మద్రాసులో మాత్రం బుల్లెట్ ఆగలేదు.

ఆ 350 బుల్లెట్ కొలతలు బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. సీసీ లెక్క 346. 500 బుల్లెట్‌కు బోరు 84, స్ట్రోకు అదే 90. అంటే పిస్టన్ లావు పెరిగింది, అది పైకీ కిందికీ తిరిగే దూరం పెరగలేదు. పోత ఇనుప సిలిండరు, ఫ్లోటింగ్ బుష్ బిగ్ ఎండ్. ఇందులో గొప్ప లోహం ఏదీ లేదు. కానీ నెమ్మదిగా తిరిగే ఇంజిన్, పడే భారం తక్కువ, ఎవరైనా విప్పి బాగు చేయగలరు. అందుకే ఈ రోజుకూ తిరుగుతున్నాయి. ఎక్కువ కాలం బతకడానికి గొప్ప సామాను కన్నా పనికి తగిన సామాను ముఖ్యం అనడానికి బుల్లెట్ కన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదు.

2000 ప్రాంతంలో సంగతి మారింది. ఆస్ట్రియాలోని ఏవీఎల్ సంస్థ సాయంతో అల్యూమినియం సిలిండరు ఉన్న కొత్త 350 ఇంజిన్ వచ్చింది. మాచిస్మో, 2002లో వచ్చిన థండర్‌బర్డ్ బండ్లకు అది పెట్టారు. స్టాండర్డ్ బుల్లెట్, ఎలెక్ట్రా మాత్రం ఇనుప సిలిండరుతోనే వచ్చాయి. ఆ పదేళ్లలో ఒకే షోరూమ్‌లో రెండు రకాల 350లు పక్కపక్కన నిలబడి ఉండేవి, లోపల నిజంగా వేరు వేరు. అల్యూమినియం వేడిని తొందరగా వదిలేస్తుంది. అప్పుడు "ఎక్కువ రేటు, వేరే ఇంజిన్" అన్నవాడు నిజమే చెప్పాడు.

తర్వాత ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే పెట్టెలో ఉండే ఇంజిన్ వచ్చింది. 2009లో క్లాసిక్ 350 వచ్చింది. అప్పటి బుల్లెట్, ఎలెక్ట్రా, క్లాసిక్ మూడింటికీ అదే 346 సీసీ ఇంజిన్. ఇప్పటి జె సిరీస్ ఇంజిన్ 349 సీసీ. 2020లో మీటియర్‌తో మొదలై, 2021లో క్లాసిక్, 2022లో హంటర్, 2023లో బుల్లెట్ – నాలుగింటికీ అదే బోరు, అదే స్ట్రోకు, అదే 20.2 హార్స్‌పవర్.

రేట్లు చూడండి. క్లాసిక్ 2021లో వచ్చినప్పుడు కింది రకం 1 లక్షా 84 వేలు, పైన క్రోమ్ రకం 2 లక్షలా 15 వేలు. తేడా 31 వేలు. ఆ 31 వేలలో వెనక డిస్కు బ్రేకు ఉంది, రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉంది, రంగు ఉంది. ఇంజిన్‌లో తేడా లేదు. మరుసటి ఏడు వచ్చిన హంటర్ 1 లక్షా 50 వేల దగ్గర మొదలైంది. అదే ఇంజిన్, పైగా క్లాసిక్ కన్నా బరువు 14 కిలోలు, ఇంకా ఎక్కువే తక్కువ. చవక బండే చురుగ్గా పోతుంది.

ఇందులో మోసం లేదు. కంపెనీ ఎక్కడా "లోపల సామాను వేరు" అని చెప్పలేదు. చెప్పుకున్నది మనమే. "ఖరీదు ఎక్కువ కాబట్టి లోపల కూడా ఎక్కువే" అని టీ కొట్ల దగ్గర పుట్టిన మాట అది.

తగ్గించి అమ్మిన బండి

లెక్క తలకిందులైన కథ కూడా ఒకటి ఉంది. 1983లో ఎస్కార్ట్స్ వాళ్లు యమహా ఆర్‌డీ 350ని రాజ్‌దూత్ 350 అని మన దేశంలో తెచ్చారు. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోకు, ఆరు గేర్లు. అప్పట్లో దానికన్నా ప్రీమియం బండి ఇక్కడ లేదు. కానీ బయటి దేశాల్లో అది ఇచ్చినది 39 హార్స్‌పవర్. మన దగ్గర హై టార్క్ రకానికి 30.5, తర్వాత వచ్చిన లో టార్క్ రకానికి దాదాపు 27. ముందు డిస్కు బ్రేకు తీసేసి డ్రమ్ము బ్రేకు వేశారు. మైలేజీ కోసం అలా తగ్గించారు. ఆ రోజుల్లో ఆ బండి రేటు చాలామందికి అందనిది. అంత పెట్టి కొన్నవాడు కూడా అసలు దాని కన్నా కుదించిన ఇంజిన్‌నే కొన్నాడు. పేరు ఒకటే ఉంటే ఇంజిన్ ఒకటే ఉంటుందన్న నమ్మకం కూడా పనికిరాదని దీనివల్ల తెలుస్తుంది.

టైటానియం ఎప్పుడొస్తుంది?

ఇంజిన్ లోపల నిజంగా గొప్ప సామాను వచ్చేది ఎక్కడంటే రేసుల దగ్గర. 1988లో వరల్డ్ సూపర్‌బైక్ పోటీలు మొదలయ్యాయి. షోరూమ్‌లో అమ్మే బండి నుంచి వచ్చినదాన్నే రేసులో తిప్పాలని నియమం. గెలవాలంటే గొప్ప సామానున్న బండినే కొన్ని వందలో వేలో చేసి జనానికి అమ్మాలి. హోండా ఆర్‌సీ 30 అలా వచ్చింది. దాని కనెక్టింగ్ రాడ్లు టైటానియంవి. ఉక్కు కన్నా తేలిక, బలం తగ్గదు, కాబట్టి ఇంజిన్ ఎక్కువ వేగంగా తిరగగలదు. బీఎండబ్ల్యూ ఎం 1000 ఆర్‌ఆర్, డుకాటీ పానిగాలే వీ4 ఆర్ బండ్లలో కూడా టైటానియం రాడ్లే.

కానీ అదే డుకాటీలో వీ4, వీ4 ఎస్ అని రెండు రకాలు ఉన్నాయి చూడండి. రేటు తేడా లక్షల్లో. ఇంజిన్ ఒకటే. తేడా అంతా ఓలిన్స్ సస్పెన్షన్‌లో, ఫోర్జింగ్ చక్రాల్లో, బ్యాటరీలో. ఒక్క అక్షరం మారితే ఇంజిన్ మారింది, ఇంకో అక్షరం మారితే మారలేదు!

అన్నిటికన్నా స్పష్టంగా ఈ సంగతి చెప్పేది యమహా ఆర్1. 2015 నుంచి ఆర్1లో టైటానియం రాడ్లు. దాని పైన ఆర్1ఎం అని ఇంకా ఎక్కువ రేటుది, అందులో ఇంజిన్ అదే, డబ్బంతా సస్పెన్షన్‌కూ కార్బన్ ఫైబర్ తొడుగులకూ. 2016లో అమెరికాలో ఆర్1ఎస్ అని కొంచెం తక్కువ రేటుది తెచ్చారు, అందులో టైటానియం రాడ్లు తీసి ఉక్కు రాడ్లు వేశారు. మూడు మెట్లు. మొదటి మెట్టు ఎక్కితే ఇంజిన్ సామాను మారింది. రెండో మెట్టు ఎక్కితే మారలేదు. ఆ ఉక్కు రాడ్ల బండి కూడా రోడ్డు మీద మామూలు మనిషి నడపగలిగిన దానికన్నా చాలా ఎక్కువే పోతుంది.

హోసూరు లెక్క, చాకన్ లెక్క

హోసూరులో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో నేను చెప్పక్కర్లేదు. ఆ హోసూరులో టీవీఎస్ ఫ్యాక్టరీ ఉంది. 2013లో బీఎండబ్ల్యూతో ఒప్పందం కుదిరింది. 312 సీసీ ఇంజిన్ ఒకటి వచ్చింది. 2017 డిసెంబరులో టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310 వచ్చింది, రేటు 2 లక్షలా 5 వేలు. 2018లో బీఎండబ్ల్యూ జీ 310 ఆర్ వచ్చింది, రేటు 2 లక్షలా 99 వేలు. ఒకే ఊరు, ఒకే మూలం ఇంజిన్, రెండింటికీ 34 హార్స్‌పవర్. తేడా 94 వేలు. 2020లో ఏమైంది? అపాచీ 2 లక్షలా 40 వేలయింది, బీఎండబ్ల్యూ 2 లక్షలా 45 వేలకు దిగింది. 94 వేల తేడా 5 వేలయింది. ఇంజిన్ సామాను అంత చవకైపోయిందా? లేదు కదా. మొదట ఉన్న తేడా ట్యాంకు మీద బిళ్ళదీ, షోరూముదీ.

దీనికి ఎదురు సాక్ష్యం పూణే దగ్గర చాకన్‌లో ఉంది. 2012లో కేటీఎం 200 డ్యూక్, బజాజ్ పల్సర్ 200 ఎన్‌ఎస్ రెండూ వచ్చాయి. రెండూ 199.5 సీసీ, రెండూ నీళ్లతో చల్లబడే నాలుగు వాల్వుల ఇంజిన్లు, బంధువులు. డ్యూక్ సుమారు 1 లక్షా 17 వేలు, పల్సర్ సుమారు 84 వేలు. ఇక్కడ మాత్రం లోపల తేడా ఉంది. డ్యూక్‌కు హెడ్డులో రెండు కామ్ షాఫ్టులు, ఫ్యూయల్ ఇంజెక్షన్. పల్సర్‌కు ఒక కామ్ షాఫ్టు, మూడు స్పార్కు ప్లగ్గులు, కార్బురేటర్. ఆ ఎక్కువ డబ్బులో కొంత నిజంగా ఇంజిన్ లోపలికే పోయింది. ఆ తేడా వల్ల వచ్చిన పవరు ఎంత? 25కూ 23.5కూ మధ్య ఉన్న ఒకటిన్నర హార్స్‌పవర్.

అయితే ఎలా తెలుసుకోవాలి?

కాలం ఎందుకు మారిందో ఒక్క మాట. పాత రోజుల్లో ఒక్కో ఇంజిన్‌నూ చేత్తో కుదర్చాలి, మేలు రకానికి ఎక్కువ కుదురుస్తారు. ఇప్పుడు మిషన్లు లక్ష పిస్టన్లను ఒకే కొలతకు కోస్తాయి. ఒక ఇంజిన్‌కు అచ్చులు, పరీక్షలు, పొగ నియమాలు అన్నిటికీ పెట్టే ఖర్చు చాలా పెద్దది. ఆ ఖర్చును నాలుగు మోడళ్ల మీద పంచుకోవడమే కంపెనీకి లాభం. చవక బండికి వేరే నాసి పిస్టన్ చేయించడమే వాళ్లకు నష్టం. అందుకే ఒకే సీసీ, ఒకే కంపెనీ అయితే చాలాసార్లు లోపల ఒకటే ఉంటుంది. ఇది చవక బండి కొనేవాడికి మంచి వార్త.

కొనే ముందు నాలుగు పనులు చేయండి.

1. రెండు బండ్ల బోరు, స్ట్రోకు, కంప్రెషన్, ఎంత తిప్పితే ఎంత హార్స్‌పవర్ – ఈ అంకెలు పక్కపక్కన రాయండి. అన్నీ ఒకటే అయితే ఇంజిన్ ఒకటే అని అనుమానించండి.

2. షోరూమ్ సేల్స్ అబ్బాయిని కాదు, వెనక స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో ఉన్నతన్ని అడగండి. పిస్టన్, కనెక్టింగ్ రాడ్, కామ్ షాఫ్ట్, క్రాంకు – నాలుగింటి పార్ట్ నంబర్లు చాలు. నంబరు ఒకటైతే సామాను ఒకటే. ఇక వాదన లేదు.

3. నంబరు వేరైతే, ఆ సామాను ఏ వేగం కోసం చేశారో అడగండి. మనం ఎప్పుడూ వెళ్లని వేగం కోసమైతే అది మన డబ్బు కాదు.

4. ఇంజిన్ ఒకటే అని తేలితే మిగతా తేడా ఎక్కడుందో చూడండి. ఏబీఎస్, డిస్కు బ్రేకు, మంచి టైర్లు – వీటికి ఎక్కువ పెట్టడం దండగ కాదు. పిస్టన్ ఎప్పుడూ పిల్లవాడి ప్రాణం కాపాడదు, బ్రేకు కాపాడుతుంది. రంగుకూ బిళ్ళకూ పెడతారా అన్నది మీ ఇష్టం.

వాయిదాల లెక్క కూడా చెప్పేస్తాను. 50 వేలు ఎక్కువ అప్పు, నూటికి 12 వడ్డీ, మూడేళ్లు అంటే నెలకు దాదాపు 1,660 రూపాయలు. మొత్తం కట్టేది 59,800 దాకా. ఆ నెలనెలా 1,660లో కొంచెం పక్కన పెట్టి వేళకు ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ మారిస్తే ఏ ఇంజిన్ అయినా నిలుస్తుంది. ఆయిల్ మార్చనివాడి చేతిలో టైటానియం కూడా నిలవదు.

మన పిల్లల్లో తక్కువ రేటు బండి మీద తిరిగేవాళ్లు కాలేజీలో తలవంచుకుంటున్నారని విన్నాను. వాళ్లకు ఇది చదివి వినిపించండి. పక్కవాడి బండిలో తిరిగేది కూడా అదే పిస్టన్ అయి ఉండవచ్చు.

ఒక విన్నపం. మన సభ్యుల ఇళ్లలో తిరువొత్తియూరులో, హోసూరులో, చాకన్ వైపు పనిచేసిన పెద్దలు ఉన్నారు. పాత బండ్ల పార్ట్స్ పుస్తకాలు, నంబర్ల జాబితాలు పరణం మీద పడి ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఏ బండిలో ఏముందో తెలుసుకోవడానికి మన పిల్లలకు అంతకన్నా మంచి పాఠ్యపుస్తకం లేదు.